పెద్ద నాయకుడి సభ మీ నియోజకవర్గంలో పెడుతున్నారా?

ముందుగా ఆయన పేరు స్టార్ క్యాంపెయినర్ల (పార్టీ తన ప్రచారానికి ఎంచుకున్న ముఖ్య నాయకుల) జాబితాలో ఉందో లేదో చూడండి. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది, రిజిస్టరై గుర్తింపు లేని పార్టీకి 20 మంది వరకే. నోటిఫికేషన్ వచ్చిన 7 రోజుల్లోపు జాబితా ఎన్నికల సంఘానికి చేరాలి. చేరితేనే ఆయన ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఎన్నికల ఖర్చు లెక్కలోకి రాదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: మినహాయింపు ప్రయాణానికే, సభకు కాదు. అభ్యర్థి వేదికెక్కినా, నాయకుడు ఆయన పేరెత్తి ఓటడిగినా, బ్యానర్‌పై అభ్యర్థి ఫొటో ఉన్నా, పందిరి, కుర్చీలు, మైకుల ఖర్చు అభ్యర్థి లెక్కలో పడుతుంది. ముగ్గురు అభ్యర్థులుంటే ఖర్చు ముగ్గురికీ పంచుతారు. అందుకే పక్క నియోజకవర్గాల వాళ్లను కలుపుకోవడం తెలివైన పని. సరదాపడి హెలికాప్టర్‌లో నాయకుడి పక్కన కూర్చుంటే ప్రయాణ ఖర్చులో సగం అభ్యర్థి వైపు వస్తుంది. పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలే మరి.

సభకు, హెలిప్యాడ్‌కు అనుమతులు ముందే తీసుకోండి. రాత్రి 10 దాటితే మైకు కట్టేయాల్సిందే. నాయకుడు ఆలస్యమైతే జనం ఆయన చేతులూపడం మాత్రమే చూసి వెళ్లిపోతారు.

ప్రసంగానికి స్థానిక సమస్యలు రెండు మూడు, అభ్యర్థి పేరు, గుర్తు ఒకే కాగితంపై రాసివ్వండి. పేరు తప్పు పలికితే ఆ క్లిప్పే ఊరంతా తిరుగుతుంది. పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందే ప్రచారం ఆగిపోతుంది కాబట్టి, సభ అంతకు నాలుగైదు రోజుల ముందుంటే బూత్ కార్యకర్తలు ఆ ఊపుతో ఇంటింటికీ తిరగగలరు.