అంతర్జాతీయ వేదికకు మన పాట – 4వ పాఠం: అరగంట సెట్ కట్టుకోవడం

మూడో పాఠంలో దరఖాస్తుతో పంపే వీడియో గురించి చెప్పుకున్నాం. పంపారు, విదేశంలో జరిగే సంగీత మేళా నుంచి పిలుపు కూడా వచ్చిందనే అనుకుందాం. కార్యక్రమాల పట్టికలో మీ బృందం పేరు, పక్కన ఒక హాలు పేరు, ఒక టైము: రాత్రి 9.15 నుంచి 9.45. ఆ అరగంటకు ఏం సిద్ధం చేసుకోవాలన్నదే ఈసారి పాఠం.

పాఠం సులువుగా ఉండటానికి ఒక ఊహా బృందాన్ని పెట్టుకుందాం. విజయనగరం కుర్రాళ్లు, అమ్మాయిలు కలిపి అయిదుగురు. ఒకరు జముకు (చంకలో పెట్టుకుని తీగ మీటే జానపద వాద్యం) వాయిస్తూ పాడతారు, ఇంకొకరు వంత పాడుతూ డప్పు కొడతారు, ఒకమ్మాయి బొబ్బిలి వీణ, ఒకరు బేస్ గిటార్. అయిదో మనిషి ఏమీ వాయించడు, మాట్లాడటం, సామాను, టైము చూసుకుంటాడు. ఆ అయిదో మనిషి టికెట్ ఖర్చు దండగ అని మొదట్లో అందరూ అంటారు. నేనూ అన్నాను.

హాల్లో ఎవరుంటారు

మనం అలవాటు పడిన సభ వేరు. గుళ్లో హరికథ అయినా, జాతరలో జముకుల కథ అయినా, వచ్చినవాళ్లు వినడానికి వచ్చినవాళ్లు. మొదట్లో కాస్త నెమ్మదిగా ఉన్నా ఓపిక పడతారు. 1994లో బెర్లిన్‌లో మొదలై ఇప్పుడు ఏటా జరిగే వోమెక్స్ (రకరకాల దేశాల సంగీతాన్ని నిర్వాహకులకు చూపించే మేళా) లాంటి చోట హాల్లో ఉండేవాళ్లలో ఎక్కువమంది కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు. వచ్చే ఏడాది తమ ఊరి ఉత్సవానికి ఎవరిని పిలవాలా అని చూసే నిర్వాహకులు, బుకింగ్ ఏజెంట్లు, రేడియో వాళ్లు, మనలాంటి ఇతర కళాకారులు. మెళ్లో బ్యాడ్జి, చేతిలో ఫోను, చాలాచోట్ల నిలబడే వింటారు. అదే టైముకి పక్క హాల్లో ఇంకో బృందం మొదలవుతుంది కాబట్టి రెండు పాటలు విని వెళ్లిపోతారు. వెనక్కి వచ్చేవాళ్లూ ఉంటారు.

మొదటిసారి చూసినప్పుడు మా జముకు పెద్దాయన నా చెవిలో అడిగాడు: "ఏటి బాబూ, ఆలు కూకోరేటి? మన పాట బాగోలేదేటి?" పాట బాగానే ఉంది. అక్కడి పద్ధతే అది. మీ బృందంలో పెద్దవాళ్లుంటే ఈ సంగతి బయల్దేరక ముందే చెప్పండి. పాట మధ్యలో మనుషులు లేచిపోతుంటే మనసు చిన్నబుచ్చుకుని లయ జారిపోతుంది.

అరగంట అంటే ఇరవై ఆరు నిమిషాలు

వోమెక్స్‌లో సాధారణంగా 45 నిమిషాలు ఇస్తారు. ఇంగ్లండ్‌లో బ్రైటన్‌లో జరిగే గ్రేట్ ఎస్కేప్ సంగీత ఉత్సవం లాంటి చోట అరగంట. ఇంత తక్కువలో ఏం చెప్తాం అని మనకు భయం వేస్తుంది. మన చదువే గంటల లెక్కలో ఉంటుంది మరి. కానీ మన విజయనగరానికి ఇది కొత్త కాదు. 1919లో విజయనగరంలో సంగీత పాఠశాల పెట్టినప్పుడు వయొలిన్ గురువుగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు గ్రామఫోన్ ప్లేట్లూ ఇచ్చారు. ఆ ప్లేటు ఒక వైపు తిరిగేది మూడు మూడున్నర నిమిషాలే. కచేరీలో అరగంట నడిచే రాగం కూడా అందులోనే పట్టాలి. పాత ప్లేట్లు దొరికితే ఈ చెవితో ఒకసారి వినండి: రాగం మొదటి రెండు పట్లలోనే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. తర్వాత వాయిద్దామనుకున్న సంగతిని ముందుకు తెచ్చారు. మనం చేయాల్సిందీ ఇంచుమించు అదే.

ముప్పై నిమిషాల్లో మొదట నాలుగు తీసేయండి. ముందు బృందం దిగడం ఆలస్యం కావచ్చు, కేబుల్ ఒకటి పలకకపోవచ్చు. చివర మాత్రం ఒక్క నిమిషం కూడా ఎవరూ ఇవ్వరు. 9.45కి లైట్లు వెలుగుతాయి, మీ పాట పల్లవిలో ఉన్నా సరే. మిగిలిన ఇరవై ఆరులో నేను వేసే లెక్క ఇది: నాలుగు పాటలు, వరసగా 4, 6, 8, 5 నిమిషాలు. అంటే 23. మాటలకు మొత్తం ఒకటిన్నర. చప్పట్లకు, ఊపిరి తీసుకోవడానికి ఇంకో ఒకటిన్నర. శ్రుతి చేసుకోవడానికి సున్నా. వీణ శ్రుతి వేదిక వెనకే సరిచూసుకోవాలి, మధ్యలో జారితే అవతలి పాట నడుస్తుండగానే ట్యూనర్ చూసి సర్దుకోవాలి.

నాలుగు పాటలా అని ముఖం చిట్లించకండి. ఏడు పాటలు కుదించి హడావిడిగా పాడిన బృందాలు చూశాను. వినేవాళ్లకు ఒక్కటీ గుర్తుండలేదు.

మొదటి నాలుగు నిమిషాలు

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

మన అలవాటు ప్రకారం ప్రార్థనతో, విళంబంలో, అంటే నెమ్మది నడకలో మొదలుపెడతాం. లేదా దానికి పూర్తి ఎదురుగా, అదరగొట్టాలని అందరూ ఒకేసారి గట్టిగా ఎత్తుకుంటారు. రెండోదాంట్లో చిక్కు ఏమిటంటే, అక్కడ మీకు పూర్తి సౌండ్ చెక్ దొరకదు. దొరికినా పగలెప్పుడో, ఖాళీ హాల్లో. రాత్రి రెండు బృందాల మధ్య ఉండేది పదిహేను ఇరవై నిమిషాలు. అందులో లైన్ చెక్ మాత్రం అవుతుంది. అంటే ఒక్కో మైకు పలుకుతోందా లేదా చూసి వదిలేస్తారు. ఏది ఎంత వినపడాలో సౌండ్ బోర్డు దగ్గరున్న మనిషి మీ మొదటి పాట నడుస్తుండగానే సర్దుతాడు. జముకు అనే వాద్యాన్ని అతను జీవితంలో విని ఉండడు. అయిదు ధ్వనులు ఒక్కసారి మీద పడితే, గొంతు ఎక్కడుందో వెతుక్కోవడానికే అతనికి నిమిషంన్నర పడుతుంది. తలుపు దగ్గర నిలబడ్డ నిర్వాహకుడు వినేది ఆ గందరగోళాన్నే.

అందుకని మొదటి పాటను మెట్లు మెట్లుగా కట్టండి. జముకు ఒక్కటే మొదలవ్వాలి. డొల్ల చంకలో పెట్టుకుని, తీగ బిగించి వదులుతూ మీటితే ఆ "జుం... జుమ్మ్" అని సాగే ధ్వని ఎక్కడివాడినైనా ఇటు తల తిప్పిస్తుంది. ఒక ఇరవై సెకన్లు అదే. బోర్డు మనిషి ఒక్క చానెల్ సర్దుకున్నాడు. తర్వాత గొంతు, ఒక చరణం. రెండోది సర్దుకున్నాడు. అప్పుడు వీణ, కింది స్థాయిలో, పొడవైన మీటులతో. ఆ తర్వాత బేస్. డప్పు చిట్టచివర, రెండో నిమిషం దాటాక. డప్పు పడేసరికి మిగతావన్నీ కుదురుకుని ఉంటాయి, పాట ఒక్కసారి లేచి నిలబడుతుంది. వినేవాళ్లకు ఇదంతా పాట అల్లిక లాగే ఉంటుంది. మీకూ అతనికీ మాత్రం అదే సౌండ్ చెక్.

నెమ్మది పాటను మూడో చోట పెట్టండి, ఆ ఎనిమిది నిమిషాల దాన్ని. అప్పటికీ హాల్లో ఉన్నవాళ్లు నిజంగా వింటున్నవాళ్లు. వీణ అమ్మాయికి అందులో రెండు నిమిషాలు ఒంటరిగా వదిలేయండి.

విదేశం కదా అని డ్రమ్ మెషిన్ కలపనా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో మీరు రోజూ కలిపి వాయిస్తుంటే కలపండి. వాళ్ల కోసం కొత్తగా తగిలించేది మాత్రం రెండు పాటల్లోనే దొరికిపోతుంది.

మాటలు

మొత్తం తొంభై సెకన్లు. బృందం పేరు రెండుసార్లు, మొదటి పాట తర్వాత ఒకసారి, చివరి పాటకు ముందు ఒకసారి. ఊరు ఒకసారి. ఊరి దగ్గర ఒక చిన్న జాగ్రత్త: విజయనగరం అనగానే, కాస్త చదువుకున్న విదేశీయుడు "హంపీయా?" అంటాడు. మనది ఆ విజయనగరం కాదని చెప్తూ కూర్చుంటే టైము అయిపోతుంది. "భారతదేశం తూర్పు తీరం, విశాఖపట్నం దగ్గర" అంటే చాలు. పాటకు అర్థం ఒక్క వాక్యంలో చెప్పండి, "వాన కోసం అమ్మవారిని అడిగే పాట" అన్నట్టు. ఇంగ్లీషు తడబడుతుందని టెన్షన్ వద్దు. అక్కడ సగం మందికి అది సొంత భాష కాదు.

ముందుగా పంపే రెండు కాగితాలు

చాలా ఏళ్ల కిందట ఒక వేదికకు, పేరెందుకు లెండి, మా బృందం తరఫున నేనే వివరాలు పంపాను. "అయిదు మైకులు కావాలి" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. వెళ్లేసరికి పాడేవాళ్ల మైకులు అయిదు, ఒకే ఎత్తున, గీత గీసినట్టు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వీణ పికప్‌కి (వీణకు తగిలించే, ధ్వనిని పట్టే చిన్న పరికరం) డీఐ బాక్సు (దాన్ని సౌండ్ బోర్డుకు కలిపే చిన్న పెట్టె) లేదు. ఎక్కడినుంచో తెచ్చేసరికి ఏడు నిమిషాలు పోయాయి, మా అరగంటలోంచే. నాలుగు పాటలు అనుకున్నవి మూడయ్యాయి. తప్పు నూటికి నూరుపాళ్లూ నాదే.

మొదటి కాగితం ఇన్‌పుట్ లిస్టు, అంటే ఏ ధ్వనికి ఏ మైకు కావాలో చెప్పే పట్టిక. మన ఊహా బృందానికి ఇలా ఉంటుంది:

1. జముకు – క్లిప్ మైకు (వాద్యం చంకలో కదులుతుంది, స్టాండు పనికిరాదు)
2. డప్పు – డైనమిక్ మైకు, పొట్టి స్టాండు
3. వీణ – పికప్, డీఐ బాక్సు
4. వీణ – కండెన్సర్ మైకు, పొట్టి స్టాండు
5. బేస్ – డీఐ బాక్సు
6. ప్రధాన గొంతు – మైకు, పొడవు స్టాండు
7. వంత గొంతు – మైకు, పొడవు స్టాండు

వాయించేది నలుగురు, చానెళ్లు ఏడు. వీణకు రెండెందుకంటే, పికప్ ఒక్కటే అయితే ధ్వని రేకు డబ్బా మోగినట్టుంటుంది. మైకు ఒక్కటే అయితే డప్పు పడగానే వీణ మునిగిపోతుంది. నెమ్మది పాటలో మైకు ఎక్కువ, మిగతావాటిలో పికప్ ఎక్కువ అని పక్కనే రాయండి. జముకు ఎలా పలుకుతుందో రాసి చెప్పలేరు. ఫోనులో ఇరవై సెకన్ల వీడియో తీసి జతచేయండి, బోర్డు మనిషి మీకు రుణపడి ఉంటాడు.

రెండో కాగితం స్టేజి ప్లాను. పైనుంచి చూసినట్టు గీయాలి, జనం కాగితం కింది వైపు. ఎవరెక్కడ, ఏ మైకు ఎక్కడ, కరెంటు ప్లగ్గు ఎక్కడ కావాలి. ఒక్క పొరపాటు అందరూ చేస్తారు: కుడి ఎడమలు. స్టేజి కుడి అంటే జనం వైపు తిరిగి నిలబడ్డ మీ కుడి. వీణ కూర్చుని వాయించేది కాబట్టి, నిలబడ్డ జనంలో మూడో వరసవాళ్లకు ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మోకాలెత్తు అరుగు కావాలని, దాని మీద తివాచీ కావాలని ప్లానులోనే రాయండి. అక్కడికెళ్లాక అడిగితే దొరకదు.

వాద్యాల సంగతి రెండు ముక్కలు. డప్పు కాచుకోవడానికి అక్కడ మంట పెట్టనివ్వరు, పొగ వస్తే అలారం మోగి హాలంతా ఖాళీ అవుతుంది. హెయిర్ డ్రయ్యర్ పట్టుకెళ్లండి, మూత నుంచి జానెడు దూరంలో తిప్పుతూ వేడి పట్టండి. వీణ మెట్లు నిలబడేది మైనం మీద. చలికి మైనం పెళుసెక్కి మెట్టు ఊడొచ్చు. పెట్టెను హాల్లోకి తెచ్చాక గబుక్కున తెరవకుండా గంటసేపు గది వేడికి అలవాటు పడనివ్వండి. ఒక ముద్ద మైనం సంచిలో ఉంచుకోండి. ఏనుగు దంతమో దుప్పి కొమ్మో పొదిగిన తాతల నాటి వీణైతే దాన్ని అసలు తీసుకెళ్లొద్దు, కస్టమ్స్ దగ్గర పట్టుకుంటారు.

దిగిన తర్వాత పది నిమిషాలు

చివరి మీటు అయిపోగానే నలుగురూ కేబుళ్లు చుట్టడంలో పడతారు, వేదిక ఖాళీ చేయాలి కదా. సరిగ్గా అప్పుడే స్టేజి పక్క మెట్ల దగ్గర ఒక మనిషి వచ్చి నిలబడతాడు. చివరిదాకా విన్నవాడు. రెండు నిమిషాలు చూస్తాడు, ఎవరూ పలకరించకపోతే పక్క హాలుకి పోతాడు. మన అయిదో మనిషి ఉండాల్సింది ఆ మెట్ల దగ్గర. చేతిలో కార్డులు, అవతలివాళ్ల కార్డు వెనక రాసుకోవడానికి పెన్ను: ఏ దేశం, ఏ ఉత్సవం, ఏ పాట నచ్చిందన్నాడు. రాత్రికి పది కార్డులు పోగైతే తెల్లారేసరికి ఏది ఎవరిదో గుర్తుండదు.

ఈ వారం పని

మొదటిది. మీ నాలుగు పాటల వరస వేసుకుని ఫోనులో 26 నిమిషాలు వెనక్కి తిరిగే టైమరు పెట్టి, ఆపకుండా వాయించండి. గదిలో వద్దు. వీధి పండగలోనో, సాయంత్రం జనం మసిలే చోటో, గంటస్తంభం చుట్టుపక్కల లాంటి గోలలో చేయండి. ఎవరు ఏ నిమిషానికి ఆగారు, ఏ నిమిషానికి కదిలిపోయారు అన్నది ఒకరు రాసుకోవాలి. మూడుసార్లు చేసి, ఎక్కువమంది కదిలిపోయిన చోట ఏం వాయిస్తున్నారో చూడండి.

రెండోది. ఇన్‌పుట్ లిస్టు, స్టేజి ప్లాను తయారుచేసి, మీ బృందాన్ని ఎప్పుడూ చూడని ఒక సౌండ్ సిస్టమ్ కుర్రాడి చేతిలో పెట్టండి. మీరు పక్కన కూర్చుని టీ తాగుతూ, నోరు విప్పకుండా చూడండి. అతను ఒక్క ప్రశ్న అడగకుండా మైకులన్నీ పెట్టేస్తే కాగితాలు సరిగ్గా ఉన్నట్టు. అడిగితే ఆ జవాబు నోటితో చెప్పకండి, కాగితంలో రాసి మళ్లీ ఇవ్వండి.

అయిదో పాఠంలో వీసా, వాద్యాలకు కార్నెట్ (తీసుకెళ్లి తిరిగి తెచ్చే సామానుకు కస్టమ్స్ పత్రం), వీణకు విమానంలో సీటు. మీ పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో ఈలోగా తీసి చూసుకోండి.