పాత బోటు ఇంజిన్ వేడెక్కుతోందా? తుప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నంలో బోట్ల ఇంజిన్లు ఎక్కువగా విప్పేది ఈ 61 రోజుల్లోనే. విప్పాక ఎటు చూసినా తుప్పే. అందులో ఏ తుప్పు వల్ల ఇంజిన్ వేడెక్కిందో మాత్రం అప్పుడు తెలియదు. అందుకే బోటు ఇంకా నడుస్తుండగానే, వేడి ఎప్పుడు ఎక్కుతోందో చూసి రాసిపెట్టుకోండి.

ఇక్కడ చెప్పేది రెండు రకాల నీళ్లతో చల్లబడే డీజిల్ ఇంజిన్ గురించి. లోపల కూలెంట్ తిరుగుతుంది, దాని వేడిని హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో సముద్రపు నీరు లాక్కుపోతుంది.

స్టార్ట్ చేసిన కాసేపటికే టెంపరేచర్ ముల్లు లేస్తోంది

ఇది చాలాసార్లు తుప్పు పని కాదు. బయటికి పడే నీళ్ల ధార చూడండి. సన్నగా ఉంటే సముద్రపు నీటిని వడకట్టే స్ట్రైనర్‌లో ప్లాస్టిక్ కవరో, ఆ నీటిని తోడే పంపులో ఇంపెల్లర్ రెక్కలు విరగడమో అయి ఉంటుంది. విరిగిన ముక్కలు వెతికి తీయాలి, లేకపోతే అవే ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర అడ్డం పడతాయి. ధార బాగుంటే కూలెంట్ దారి తెరిచే థర్మోస్టాట్, పంపు తిప్పే బెల్టు చూడండి.

ఖాళీగా బాగానే ఉంది, వల లాగేటప్పుడు వేడెక్కుతోంది

అసలు తుప్పు లక్షణం ఇదే. అనుమానించాల్సినవి మూడు: ఎక్స్‌ఛేంజర్ గొట్టాల్లో పేరుకున్న గార, బ్లాకు లోపల చేరిన తుప్పు బురద, రెక్కలు తుప్పు తినేసిన కూలెంట్ పంపు.

తాకకుండానే వేడి కొలిచే టెంపరేచర్ గన్ ఒకటి కొనుక్కోండి. లోడు మీద ఉన్నప్పుడు ఎక్స్‌ఛేంజర్‌లోకి వెళ్లే కూలెంట్ పైపు మీద, బయటికొచ్చే పైపు మీద కొలవండి. రెండూ దాదాపు ఒకేలా ఉంటే గొట్టాలు గార పట్టాయి. తేడా మరీ ఎక్కువగా ఉంటే కూలెంటే సరిగ్గా తిరగడం లేదు, పంపు విప్పండి. తేడా మామూలుగానే ఉండి, పంపుకు దూరంగా ఉన్న సిలిండర్ దగ్గర బ్లాకు మిగతా చోట్ల కన్నా బాగా కాలుతుంటే, బురద అక్కడుంది. ఇంజిన్ చల్లారాక బ్లాకు డ్రెయిన్ ప్లగ్ విప్పండి. చుక్క కూడా రాలేదా? తీగ పెట్టి పొడిస్తే ఎర్రటి ముద్ద వస్తుంది. ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. కోర్ ప్లగ్గులు (బ్లాకు పక్కల ఉండే బిళ్ల మూతలు) ఊడదీసి ఒత్తిడి నీళ్లతో కడిగి, కొత్త ప్లగ్గులు వేయండి.

గొట్టాలకు సన్న కర్రపుల్ల చాలు, ఇనుప చువ్వ వద్దు. మొండి గారకు నిమ్మఉప్పు వాడండి: 10 లీటర్ల గోరువెచ్చని నీటికి అరకిలో. నురగ ఆగాక బాగా కడిగి, వంటసోడా నీళ్లు పోసి, మళ్లీ కడగండి. జింకు పెన్సిళ్లు (మిగతా లోహం బదులు తామే అరిగేలా ఎక్స్‌ఛేంజర్‌లో బిగించే జింకు కడ్డీలు) ముందే తీసేయాలి. అల్యూమినియం భాగాలుంటే ఈ పద్ధతి వద్దు. బాత్రూం యాసిడ్ అసలే వద్దు. ఇత్తడి మీద రాగి రంగు మచ్చలు కనిపిస్తే అందులోని జింకు కరిగిపోయినట్టే. అలాంటి గొట్టం కడగడం కన్నా మార్చడమే మేలు.

ఒక్కోసారి చిల్లుకు ఆ తుప్పే బిరడా. కడిగితే కారడం మొదలవుతుంది. అందుకే కడగకముందు, కడిగాక కూడా ప్రెషర్ టెస్ట్ చేయించండి.

కూలెంట్ తగ్గుతోంది, బయట ఎక్కడా కారడం లేదు

చల్లటి ఇంజిన్ మీద హెడర్ ట్యాంకు (కూలెంట్ పోసే ట్యాంకు) మూతి నుంచి, మూత మీద రాసి ఉన్నంత ప్రెషర్ మాత్రమే ఎక్కించి 20 నిమిషాలు ఆగండి. ముల్లు దిగితే ఎక్స్‌ఛేంజర్‌కు సముద్రపు నీరు తెచ్చే హోస్ ఊడదీయండి. అక్కడ కూలెంట్ చుక్కలు పడితే గొట్టం చిల్లు. ఆ గొట్టాన్ని రెండు వైపులా మూసేయొచ్చు. పదింట ఒకటికి మించి మూయాల్సి వస్తే మాత్రం కొత్తది కొనాల్సిందే. ట్యాంకులో ఉప్పునీరు కలిసిందేమోనని నాలుక మీద వేసుకునేవాళ్లున్నారు. కూలెంట్ విషం, ఆ పని చేయకండి.

ఆయిల్ పాలలా మారింది

అంటే అందులో నీళ్లు కలిశాయి. అందరూ ముందు హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకు, బ్లాకుకు మధ్య పొర) మీద పడతారు. నేనూ ఒక బోటుకు రెండుసార్లు గ్యాస్కెట్ మార్చాను, చివరికి చూస్తే చిల్లు ఆయిల్ కూలర్‌లో. కూలెంట్‌తో చల్లబడే ఆయిల్ కూలర్ అయితే గుర్తు సులువే. నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ కూలెంట్‌లోకి పోతుంది, ఆపాక కూలెంట్ ఆయిల్‌లోకి వస్తుంది. అంటే హెడర్ ట్యాంకులో ఆయిల్ తెట్టు తేలుతుంటే ముందు కూలర్ విప్పండి. స్టార్ట్ చేయగానే బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్టో, హెడ్డు పగులో. ఏదైనా సరే, ఆ ఆయిల్‌తో ఇంజిన్ నడపొద్దు.

రాత్రి ఆపిన ఇంజిన్ పొద్దున తిరగడం లేదు

సెల్ఫ్ కొడితే టక్కున ఆగిపోతోందా? మళ్లీ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. నీళ్ల జాకెట్ ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను (సిలిండర్ల పొగ బయటికి పంపే భాగం) ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పొగ తింటాయి. అది చిల్లు పడితే నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి. దానికి వెల్డింగ్ పెట్టి సముద్రంలోకి వెళ్లడం నాకైతే ఇష్టం లేదు. కొత్తది వేయించండి.

బిగించాక బోరు నీళ్లు పోయకండి, ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ పోయండి. జింకు పెన్సిల్ సగం అరిగితే మార్చేయండి. తర్వాత హార్బర్ దగ్గరలోనే లోడు మీద నడిపి, గన్‌తో మళ్లీ కొలిచి ఆ అంకెలు క్యాబిన్ గోడ మీద రాసిపెట్టండి. వచ్చే ఏడాది పోల్చి చూసుకోవచ్చు.