హోటల్లో, ఆఫీసులో సిగరెట్ పొగ: అర్జీ ఎలా రాయాలి, ఎక్కడ ఇవ్వాలి

"నా హోటల్, నా ఇష్టం. పడకపోతే పక్క హోటల్‌కి వెళ్లండి." పొగ గురించి అడిగితే మొదట వినబడే మాట ఇదే. వాదన పాతదే. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించే నియమాలు 2008 అక్టోబరు 2న అమల్లోకి రాబోతుంటే హోటళ్ల వాళ్లు, సిగరెట్ కంపెనీ వాళ్లు కోర్టుకెక్కారు. స్టే ఇవ్వడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్థలం ఎవరి పేరు మీద ఉందన్నది చట్టానికి అక్కర్లేదు, అక్కడికి జనం వస్తారా లేదా అన్నదే లెక్క. అందుకే ప్రైవేటు రెస్టారెంటు, బారు, పబ్బు, సినిమా హాలు, మాల్, ప్రైవేటు ఆఫీసు అన్నీ దీని కిందికే వస్తాయి.

యజమానుల గోడులోనూ కొంత న్యాయం ఉంది. మందు మీదున్న కస్టమర్‌తో గొడవపడాల్సింది రోజుకూలీ లాంటి జీతానికి పనిచేసే సర్వరే. అయితే రోజంతా ఆ పొగ పీల్చేదీ ఆ సర్వరే కదా.

అర్జీ రాసే ముందు ఒకటి చూసుకోండి. 30 మందికి, అంతకుమించి సీట్లున్న రెస్టారెంటు, 30 గదులున్న హోటల్, విమానాశ్రయం, ఈ మూడింటికే విడిగా స్మోకింగ్ ఏరియా పెట్టుకునే వీలుంది. అదీ ఒక మూల నాలుగు కుర్చీలు వేస్తే సరిపోదు. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలు, దానంతటదే మూసుకునే తలుపు, పొగ నేరుగా బయటికి పోయే ఏర్పాటు ఉండాలి. హోటల్లోకి వచ్చే దారిలోనో, పోయే దారిలోనో పెట్టకూడదు. 2017 సవరణ తర్వాత ఆ గదిలో టీ కూడా ఇవ్వకూడదు. ఐదు టేబుళ్ల టిఫిన్ సెంటర్‌లో అద్దం అడ్డుపెట్టి "స్మోకింగ్ జోన్" అని రాశారంటే, అదే మీ అర్జీలో మొదటి వాక్యం. రోడ్డు మీద నిలబడి తాగేవాళ్ల మీద మాత్రం ఈ నిషేధం పనిచేయదు, దానికోసం అర్జీ పెట్టి టైం పాడుచేసుకోకండి.

నేను మొదటిసారి ఒక బార్ అండ్ రెస్టారెంట్ మీద రాసిన అర్జీ రెండు పేజీలు. క్యాన్సర్ గురించి, పిల్లల గురించి అంతా రాశాను. అర్జీలు తీసుకునే గుమస్తా తిరగేసి, "ఇంతకీ ఏం ఉల్లంఘించాడండీ?" అన్నాడు. అప్పుడు అర్థమైంది, తాగినవాడి గురించి రాస్తే లాభం లేదు, వాడు ఆ రాత్రే వెళ్లిపోయాడు. రాయాల్సింది యజమాని చేయని పనుల గురించి.

ఆ పనులు నియమాల్లో స్పష్టంగా ఉన్నాయి. ప్రతి ప్రవేశద్వారం దగ్గర, ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర కనీసం 60 సెంటీమీటర్లు x 30 సెంటీమీటర్ల బోర్డు ఉండాలి: ఇది పొగతాగరాని ప్రదేశం, ఇక్కడ పొగతాగడం నేరం అని. ఫిర్యాదు ఎవరికి చేయాలో వాళ్ల పేరు అందరికీ కనబడేలా పెట్టాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు టేబుళ్ల మీద ఉండకూడదు. పోయినప్పుడు వీటినే చూసి, ఫోన్లో ఫొటో తీసుకోండి. మనుషుల ముఖాలు కాకుండా యాష్‌ట్రే, బోర్డు లేని గోడ తీస్తే చాలు. బిల్లు దాచుకోండి, తేదీ, టైం దాని మీదే ఉంటాయి.

తర్వాత మేనేజర్‌కి ఒకసారి చెప్పండి. మర్యాద కోసమే కాదు, చెప్పినా పట్టించుకోకపోతే ఎంతమంది తాగారో అంతమంది జరిమానా లెక్కన యజమానే కట్టాలి. తాగినవాడికి పడేది 200 రూపాయల వరకే. ఈ మొత్తాన్ని 2,000 చేసి, స్మోకింగ్ ఏరియాలు పూర్తిగా ఎత్తేయాలని కేంద్రం 2021 జనవరిలో ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగితే పొగాకు రైతుల సంఘాల నుంచీ వ్యతిరేకత వచ్చింది. ఆ ముసాయిదా చట్టం కాలేదు.

అప్పటికప్పుడు చర్య కావాలంటే పోలీసులకు ఫోన్ చేయొచ్చు. ఎస్‌ఐ, ఆపై అధికారికి జరిమానా వేసే అధికారం ఉంది. ప్రైవేటు ఆఫీసులో అయితే ముందు హెచ్‌ఆర్ మేనేజర్‌కి మెయిల్ పెట్టండి, తమ ఆఫీసు వరకు వాళ్లకూ ఆ అధికారం ఇచ్చారు.

అర్జీ ఒక పేజీ దాటనివ్వొద్దు. ఇలా సరిపోతుంది:

"అయ్యా, ఫలానా వీధిలోని ఫలానా రెస్టారెంటులో ఫలానా తేదీ రాత్రి 9 గంటలకు లోపల కూర్చుని నలుగురు సిగరెట్లు తాగుతుండగా మేనేజర్‌కి చెప్పినా ఆపలేదు. బోర్డు లేదు, టేబుళ్ల మీద యాష్‌ట్రేలు ఉన్నాయి. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం 2003 సెక్షన్ 4, 2008 నియమాల ప్రకారం తనిఖీ చేసి చర్య తీసుకోగలరని మనవి. జత: ఫొటోలు, బిల్లు నకలు."

తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో అదే రోజు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు, లేదా 1100కి ఫోన్ చేయొచ్చు. అర్జీ నంబరు తీసుకోకుండా కదలొద్దు. హుక్కా అయితే విడిగా రాయండి. తెలంగాణలో 2024లో చట్టం సవరించి హుక్కా పార్లర్లను పూర్తిగా నిషేధించారు, దాన్ని ఈ అర్జీలో కలిపితే రెండూ పక్కకి పోతాయి.

నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసులో 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని అడగకండి, దానికి జవాబు రాయాల్సిన పని వాళ్లకు లేదు. "ఫలానా నంబరు అర్జీ ఏ తేదీన ఎవరికి పంపారు, తనిఖీ రిపోర్టు నకలు ఇవ్వండి, గత 12 నెలల్లో సెక్షన్ 4 కింద ఎన్ని జరిమానాలు వేశారు" అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసు పై అధికారికి మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు.