రిటైరైన బేస్‌బాల్ ఆటగాళ్ల ఆటోగ్రాఫ్ పోస్టులో తెప్పించుకోవడం ఎలా?

అమెరికాలో ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాళ్లు చాలామంది, అభిమాని పంపిన బేస్‌బాల్ కార్డు (ఆటగాడి ఫొటో అచ్చేసిన చిన్న అట్ట) మీద సంతకం పెట్టి తిరిగి పోస్టు చేస్తారు. మీ కవరు తెరవడం, సంతకం చేయడం, మీరే పెట్టిన కవర్లో వేసి అంటించడం. ఆయన పని అంతటితో అయిపోవాలి. అంతకన్నా శ్రమ పెడితే కార్డు ఆయన బల్ల మీదే ఉండిపోతుంది.

ముందు ఆయన బతికి ఉన్నారో లేదో ‘బేస్‌బాల్ రిఫరెన్స్’ సైట్లో చూడండి. ఇది చూసుకోక, పోయినవాళ్ల ఇళ్లకు ఉత్తరాలు పంపేవాళ్లూ ఉన్నారు. చిరునామాలు ఆటోగ్రాఫులు సేకరించేవాళ్ల జాబితాల్లో దొరుకుతాయి. అవి ఉత్తరం రాయడానికే, వెళ్లి తలుపు తట్టడానికి కాదు.

కార్డు ఎంపికలోనే సగం పని ఉంది. 1980ల చివర, 90ల మొదట్లో కంపెనీలు కార్డుల్ని లెక్కకు మించి అచ్చేశాయి. అందుకే అవి చవక, పోస్టులో పోయినా బాధ ఉండదు. టాప్స్ అనే కంపెనీ 1987లో వేసిన, చెక్క రంగు అంచున్న కార్డు మెరుపు లేని అట్ట, ఇంకు చక్కగా పట్టుకుంటుంది. నిగనిగలాడే కార్డు మీద ఇంకు చుక్కలుగా విడిపోతుంది, వేలు తగిలితే అలుక్కుపోతుంది. అలాంటిదే పంపాలంటే చిటికెడు బేబీ పౌడర్ వేసి మెత్తని గుడ్డతో రుద్ది, పొడి మిగలకుండా తుడవండి. ఫొటోలో సంతకానికి లేత రంగు చోటు ఉండాలి. రెండు కార్డులకు మించొద్దు, అమ్ముకోవడానికే అనుకుంటారు.

ఉత్తరం చేత్తో, ఒక్క పేజీ. పొగడ్తలు అందరూ రాస్తారు. ఆయన ఆడిన ఫలానా మ్యాచ్ గురించి రెండు వాక్యాలు రాసి, సంతకం అడగండి. మీ పేరు కూడా రాయమంటే అమ్మకానికి కాదని ఆయనకు తెలుస్తుంది.

బయటికి పది నంబరు కవరు, లోపలికి దానికన్నా కాస్త చిన్నదైన తొమ్మిది నంబరు (ఇవి అమెరికా కవరు సైజులు) తీసుకుంటే లోపలి కవరును మడవక్కర్లేదు. లోపలి కవరు మీద మీ చిరునామా, స్టాంపు ఉండాలి. మూలన పెన్సిల్‌తో ఆటగాడి పేరు రాసుకోండి. ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు దాటకపోతే అమెరికా లోపల ఒక్క ఫరెవర్ స్టాంపు (రేటు పెరిగినా చెల్లే స్టాంపు) చాలు. పెన్ను మాత్రం పెట్టొద్దు, సార్టింగ్ యంత్రంలో కవరు చిరుగుతుంది. కార్డుకు గట్టి ప్లాస్టిక్ తొడుగు పెడితే కవరు వంగదు, దాంతో అదనపు ఛార్జీ పడుతుంది. పల్చని అట్టముక్క సరిపోతుంది.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పంపేవాళ్లకు ఒక చిక్కుంది. తిరుగు కవరు మీద మన స్టాంపు చెల్లదు. అమెరికాలో ఉన్న బంధువులతో ‘గ్లోబల్ ఫరెవర్’ స్టాంపులు (అక్కడి నుంచి విదేశాలకు పంపే ఉత్తరాలకు వాడేవి) తెప్పించుకుని అంటించండి.

పంపిన తేదీ రాసి పెట్టుకోండి. జవాబు పది రోజుల్లో రావచ్చు, ఏడాది పట్టొచ్చు. కొందరు రుసుము అడుగుతారు, అది ముందే కనుక్కోండి. బంతి పంపాలంటే ముందు ఉత్తరం రాసి అడగాలి, ఎందుకంటే దాన్ని తిప్పి పంపడానికి పెట్టె కట్టి పోస్టాఫీసుకు వెళ్లాల్సింది ఆయనే.

వచ్చిన సంతకాన్ని అదే ఆటగాడి మరో రెండు సంతకాల పక్కన పెట్టి చూడండి. మూడూ గీత గీతా ఒకేలా ఉంటే అది రబ్బరు ముద్రో, యంత్రం గీసిందో. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా తిరగదు.