మన కంప్యూటర్, మన చేతి పని – 4వ పాఠం: క్యాబినెట్‌కు అదనపు ఫ్యాన్లు

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారనుకుంటాను. కంప్యూటర్ మీద అరగంట బరువైన పని నడిపి, సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలు కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠం మొదలయ్యేది దానితోనే. మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనేస్తారు. ఈ పాఠాల్లో మాత్రం సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్ చిప్పే. డబ్బాను క్యాబినెట్ అంటున్నాను.

ఆ అంకెల పక్కన ఇంకో అంకె రాయండి, గది ఉష్ణోగ్రత. గోడ గడియారాల్లో కొన్ని అది కూడా చూపిస్తాయి. లేకపోతే మామూలు థర్మామీటర్ ఒకటి గోడకు తగిలిస్తే చాలు. హైదరాబాద్‌లో ఈ అంకె లేకుండా మిగతావాటికి అర్థం లేదు. జనవరి రాత్రి గది 22 డిగ్రీలుంటుంది. మే నెల మధ్యాహ్నం, పైన ఎండకు కాగిన స్లాబు ఉన్న గదిలో 38 దాటుతుంది. గ్రాఫిక్స్ కార్డు జనవరిలో 66, మేలో 82 చూపిస్తే అది పాడైనట్టు కాదు. రెండుసార్లూ గది కంటే 44 డిగ్రీలే ఎక్కువ. మనం తగ్గించగలిగేది ఆ 44నే. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లోపలికి వచ్చేది గదిలో ఉన్న గాలే కాబట్టి, గది వేడి కంటే కిందికి ఏదీ చల్లబడదు.

కొనేముందు ఒక పరీక్ష

ఫ్యాన్లు కొనాలా వద్దా అన్నది ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. కంప్యూటర్ ఆపి, క్యాబినెట్ పక్క ప్లేటు తీసేయండి. అదే పని మళ్లీ అరగంట నడపండి. ఉష్ణోగ్రతలు అయిదు డిగ్రీలో అంతకంటే ఎక్కువో తగ్గితే, లోపల గాలి ఆడడం లేదన్నమాట. ఫ్యాన్లు పనికొస్తాయి. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే గాలి సరిపోతోంది. జబ్బు వేరే చోట ఉంది: సీపీయూ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు, దుమ్ము పట్టిన సీపీయూ కూలర్, సరిగ్గా బిగించని హీట్‌సింక్ (చిప్పు వేడిని లాక్కునే లోహపు దిమ్మ). అప్పుడు ఫ్యాన్లకు డబ్బు పెట్టకండి. అది అయిదో పాఠం.

పరీక్ష అయ్యాక ప్లేటు మళ్లీ పెట్టేయండి. ఎలాగూ చల్లగా ఉంది కదా అని ప్లేటు తీసి నడిపేవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వీధికో అపార్ట్‌మెంట్ కడుతున్న చోట సిమెంటు, గ్రానైట్ పొడి నేరుగా మదర్‌బోర్డ్ (భాగాలన్నీ కలిసే లోపలి పెద్ద బోర్డు) మీద పడుతుంది. రెండు నెలల్లో మళ్లీ మొదటికొస్తుంది. బల్లులు, బొద్దింకల సంగతి సరేసరి.

గాలికి దారి

మా పిన్ని కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు, వీడియో ఎడిటింగ్ చేస్తాడు. రెండేళ్ల కిందట మే నెలలో ఫోన్ చేశాడు. "అన్నా, షాపులో మూడు ఫ్యాన్లు వేయించాను. అయినా సెగలు కక్కుతోంది. ఇంకో రెండు వేయించనా?" వెంటనే ఏమీ కొనకు, నేనొచ్చి చూస్తానన్నాను.

వెళ్లి డబ్బా తెరవకముందే సంగతి బయటపడింది. ముందువైపు యూఎస్‌బీ రంధ్రాల్లో దుమ్ము ముద్దలా కూరుకుపోయి ఉంది. పక్క ప్లేటు అంచు పొడవునా పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు గీత. కానీ ముందువైపు జాలీ మాత్రం కడిగి పెట్టినట్టు శుభ్రంగా ఉంది! గాలి రావలసిన జాలీలోంచి రాకుండా సందుల్లోంచి దూరుతోందని దానర్థం. ప్లేటు తీసి చూస్తే, వెనక ఫ్యాన్ బయటికి ఊదుతోంది, పై ఫ్యాన్ బయటికి ఊదుతోంది, ముందు ఫ్యాన్ కూడా బయటికే ఊదుతోంది. దాన్ని తిరగేసి బిగించారు. మూడు ఫ్యాన్లూ గాలి తోడేస్తున్నాయి, లోపలికి తెచ్చేది ఒక్కటీ లేదు. నాలుగు స్క్రూలు విప్పి ముందు ఫ్యాన్ తిప్పి పెట్టాం. గది 35 డిగ్రీలున్న ఆ మధ్యాహ్నమే గ్రాఫిక్స్ కార్డు 84 నుంచి 75కి దిగింది. కొత్తగా కొన్నది ఏమీ లేదు.

అందుకే ఫ్యాన్ల లెక్క కంటే ముందు దారి గీసుకోమంటాను. తెల్లకాగితం మీద క్యాబినెట్ బొమ్మ పక్కనుంచి చూసినట్టు గీయండి. మామూలు క్యాబినెట్‌లో గాలి ముందు నుంచి, కింది నుంచి లోపలికి వచ్చి, వెనక నుంచి, పై నుంచి బయటికి పోవాలి. దారిలో గ్రాఫిక్స్ కార్డును, సీపీయూ కూలర్‌ను తాకుతూ పోవాలి. వేడి గాలి దానంతటదే పైకి పోతుంది కదా అని కొందరు అడుగుతారు. పోతుంది, కానీ ఆ బలం చాలా తక్కువ. చిన్న ఫ్యాన్ అయినా దాన్ని సులువుగా పక్కకు తోసేస్తుంది. కాబట్టి పైకి పోయే గుణాన్ని నమ్ముకోకుండా ఫ్యాన్ల దిశను నమ్ముకోండి.

పై భాగంలో, ముందు అంచుకు దగ్గరగా బయటికి ఊదే ఫ్యాన్ పెట్టకండి. ముందు నుంచి వచ్చిన చల్లగాలిని సీపీయూ దాకా పోనివ్వకుండా మధ్యలోనే లాగేస్తుంది. పైన ఒక్కటే పెడితే వెనక మూలకు పెట్టండి.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే కొంచెం ఎక్కువ ఉండడం మన ఊరికి మంచిది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికి తోసుకుంటుంది, దుమ్ము లోపలికి దూరదు. వచ్చే గాలి జాలీ ఉన్న చోటు నుంచే వస్తుంది. ముందు రెండు, వెనక ఒకటి, చాలా ఇళ్లకు ఇంతే సరిపోతుంది. ఏడు, ఎనిమిది ఫ్యాన్లు అందానికే తప్ప, మూడో నాలుగో దాటాక తగ్గే డిగ్రీలు చాలా తక్కువ.

ఏ ఫ్యాన్ కొనాలి

స్కేలు తీసుకుని క్యాబినెట్‌లో ఫ్యాన్ బిగించే స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి. ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి 105 మి.మీ. ఉంటే 120 మి.మీ. ఫ్యాన్ పడుతుంది. 124.5 ఉంటే 140 మి.మీ. ఫ్యాన్. 71.5 ఉంటే పాతకాలపు 80 మి.మీ. ఫ్యాన్. మందం మామూలుగా 25 మి.మీ. ఉంటుంది. ముందువైపు హార్డ్ డిస్క్ అడ్డొస్తుందేమో అదీ చూసుకోండి. ఈ అంకెలు రాసుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే మనమందరం సీటీసీ అనే చోటికి వెళ్తే, "ఏ క్యాబినెట్ సార్?" అన్న ప్రశ్నకు తడబడనక్కర్లేదు.

చోటు ఉంటే పెద్ద ఫ్యానే తీసుకోండి. అంతే గాలిని తక్కువ వేగంతో, తక్కువ చప్పుడుతో తోస్తుంది. ఒకే ఫ్యాన్ వేగం రెండింతలు చేస్తే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అదే వేగంతో తిరిగే ఇంకో ఫ్యాన్ పక్కన చేరిస్తే పెరిగేది 3 మాత్రమే. ఒకటి గిర్రున తిరిగే బదులు రెండు నిదానంగా తిరగడం మేలన్నది ఇందుకే.

పెట్టె మీద రెండు అంకెలుంటాయి. సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి తోస్తుందో చెప్పేది. రెండోది స్టాటిక్ ప్రెజర్, అడ్డం వచ్చినప్పుడు గాలిని తోసే బలం. వెనకవైపు అడ్డేమీ ఉండదు కాబట్టి అక్కడ సీఎఫ్‌ఎం చూడండి. ముందు జాలీ, దుమ్ము ఫిల్టర్ ఉంటాయి, అక్కడ ప్రెజర్ ముఖ్యం. బేరింగ్ విషయానికొస్తే, చవక ఫ్యాన్లలో ఉండే స్లీవ్ బేరింగ్ వేడికి త్వరగా అరుగుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ ఉన్నది కొంచెం ధర ఎక్కువైనా మన ఎండలకు అదే కొనమంటాను.

ఇక పిన్నులు. మూడు పిన్నుల ఫ్యాన్‌లో ఒకటి గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఎంత వేగంతో తిరుగుతోందో బోర్డుకు చెప్పే తీగ. దాని వేగం తగ్గించాలంటే వోల్టేజ్ తగ్గించాలి. నాలుగు పిన్నుల ఫ్యాన్‌లో 12 వోల్టులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. వేగం ఎంతో నాలుగో తీగ మీద వచ్చే పీడబ్ల్యూఎం సంకేతం చెబుతుంది. కొత్తగా కొంటున్నారు కాబట్టి నాలుగు పిన్నులదే తీసుకోండి. బాగా నెమ్మదిగా కూడా ఆగకుండా తిరుగుతుంది.

బిగించడం, కలపడం

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) వెనక స్విచ్ ఆపి, గోడ ప్లగ్ పీకేయండి. తర్వాత పవర్ బటన్ నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పని మొదలుపెట్టేముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి చేత్తో తాకండి.

ఫ్యాన్‌ను అరచేతిలో పెట్టుకుని చూడండి. ఒకవైపు రెక్కలు ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి, గాలి అటునుంచి లోపలికి వస్తుంది. రెండోవైపు మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ కడ్డీలు, మధ్యలో స్టిక్కర్ ఉంటాయి, గాలి అటు బయటికి పోతుంది. కొన్నిటికి చట్రం అంచు మీద చిన్న బాణం గుర్తులుంటాయి. ఈమధ్య అందం కోసం రివర్స్ ఫ్యాన్లు వస్తున్నాయి. వాటికి ఇది తిరగబడుతుంది కాబట్టి పెట్టె మీద చదివి బిగించండి.

ఫ్యాన్‌తో వచ్చే లావు స్క్రూలు ప్లాస్టిక్‌ను తామే కోసుకుంటూ దిగుతాయి. మొదటిసారి గట్టిగా ఉంటాయి, నిటారుగా పట్టుకుని నొక్కుతూ తిప్పాలి. ఒకటి పూర్తిగా బిగించేయకండి. నాలుగూ సగం సగం దించి, ఎదురెదురు మూలలు జతగా బిగించండి. చట్రం పగిలేంత బలం వద్దు, కదలకుండా ఉంటే చాలు.

తీగ పొడవు చూసుకుని మదర్‌బోర్డ్ మీద హెడర్ (ఫ్యాన్ తీగ గుచ్చే పిన్నుల చోటు) వెతకండి. పక్కన సీహెచ్‌ఏ ఫ్యాన్ అనో, ఎస్‌వైఎస్ ఫ్యాన్ అనో చిన్న ఇంగ్లిష్ అక్షరాలుంటాయి. సీపీయూ ఫ్యాన్ అని ఉన్నదాన్ని కదపకండి. ఫ్యాన్ తీగ చివరి కనెక్టర్‌కు ఒక పక్క రెండు చిన్న గట్లు ఉంటాయి. హెడర్ వెనక నిలబడ్డ ప్లాస్టిక్ పలక వాటి మధ్య కూర్చోవాలి. సరిగ్గా పెడితే వేలితో నొక్కగానే దిగుతుంది, దిగకపోతే తిరగేసి పెట్టారని అర్థం. మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల హెడర్‌లోనూ పడుతుంది. చివరి పిన్ను ఖాళీగా ఉండిపోతుంది, ఏమీ కాదు.

చాలా బోర్డుల్లో ఒక హెడర్ 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. మీ బోర్డు పుస్తకంలో ఓసారి చూడండి. ఫ్యాన్ స్టిక్కర్ మీద 0.2 ఆంపియర్ అని ఉంటే, ఒక హెడర్‌ను పాయలుగా చీల్చే స్ప్లిటర్ తీగతో రెండు మూడు ఫ్యాన్లు కలపవచ్చు. కానీ తిరగడం మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి అంచుదాకా వెళ్లొద్దు. అంతకు మించితే ఎస్‌ఎంపీఎస్ నుంచి సాటా తీగతో కరెంటు తీసుకునే ఫ్యాన్ హబ్ (చాలా ఫ్యాన్లను ఒకేచోట కలిపేది) కొనండి. స్ప్లిటర్‌లో ఒక్క ఫ్యాన్ వేగమే బోర్డుకు తెలుస్తుంది. రెండోది ఆగిపోయినా అది చెప్పదు, మీరే కంటితో చూసుకోవాలి.

రంగు దీపాల ఫ్యాన్లకు ఇంకో తీగ ఉంటుంది. ఇక్కడ దయచేసి తొందరపడకండి. మూడు పిన్నుల ఏఆర్‌జీబీ 5 వోల్టులది, నాలుగు పిన్నుల ఆర్‌జీబీ 12 వోల్టులది. 5 వోల్టుల దీపాలను 12 వోల్టుల హెడర్‌లో బలవంతంగా దూర్చితే ఆ క్షణమే మాడిపోతాయి.

తీగలన్నీ కేబుల్ టైతో వెనక్కి కట్టేయండి. వేలాడే తీగ రెక్కకు తగిలితే టకటకమని చప్పుడొస్తుంది, ఒక్కోసారి ఫ్యాన్ ఆగిపోతుంది కూడా.

బయోస్‌లో

కంప్యూటర్ ఆన్ చేస్తూ డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్, అంటే బోర్డు సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. ఫ్యాన్ల పేజీలో మూడు పిన్నులకు డీసీ (వోల్టేజ్‌తో వేగం మార్చేది), నాలుగు పిన్నులకు పీడబ్ల్యూఎం అని పెట్టండి. మూడు పిన్నుల ఫ్యాన్‌కు పీడబ్ల్యూఎం పెడితే అది ఎప్పుడూ పూర్తి వేగంతో అరుస్తూనే ఉంటుంది. ఏ ఉష్ణోగ్రతను చూసి వేగం మార్చాలో కూడా అక్కడే ఎంచుకోవచ్చు. క్యాబినెట్ ఫ్యాన్లకు సీపీయూ బదులు మదర్‌బోర్డ్ సెన్సార్ ఎంచుకోండి. సీపీయూ వేడి క్షణక్షణం ఎగిరి పడుతుంది, దానితోపాటు ఫ్యాన్ కూడా పెరుగుతూ తగ్గుతూ రాత్రిపూట టెన్షన్ పెడుతుంది. వేగం మొదట 40 శాతం ఉంచి, వేడితోపాటు మెల్లగా పెరిగేలా ఆ పేజీలోని గ్రాఫ్ గీతను సర్దండి.

ఇప్పుడు అగరుబత్తి వెలిగించండి. గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, పొగను ముందు జాలీకి బెత్తెడు దూరంలో పట్టుకోండి. పొగ తీగలా సాగి లోపలికి పోవాలి. వెనక పట్టుకుంటే బయటికి చెదిరిపోవాలి. నిప్పు తీగలకు తగలకుండా చూసుకోండి. పొగ ఎక్కడైనా అటూ ఇటూ కాకుండా తిరుగుతుంటే అక్కడ గాలి దారి తెగిందన్నమాట, మీ కాగితం మీద బొమ్మలో ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

క్యాబినెట్ వెనక గోడకు కనీసం బెత్తెడు, వీలైతే జానెడు జాగా వదలండి. తలుపున్న కంప్యూటర్ టేబుల్ అరలో పెడితే వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఎండాకాలం నీళ్ల కూలర్ గాలి సూటిగా క్యాబినెట్ మీదికి తిప్పడం కూడా వద్దు, ఆ తేమకు దుమ్ము బురదలా అతుక్కుంటుంది. ఫిల్టర్ నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఫ్యాన్ దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

అభ్యాసం: గది ఉష్ణోగ్రత, పక్క ప్లేటు పెట్టి అరగంట, ప్లేటు తీసి అరగంట, కొత్త ఫ్యాన్లతో అరగంట, ఈ నాలుగు వరుసలూ రాయండి. ప్రతిదానిలోంచి గది వేడి తీసేసి మిగిలింది పక్కన వేయండి. అయిదో పాఠంలో సీపీయూ కూలర్ విప్పుతాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, పోగులు రాలని గుడ్డ, కొత్త థర్మల్ పేస్టు తెచ్చి పెట్టుకోండి.