తొందరపడి తీర్పు చెప్పే మనసును అదుపు చేయడం ఎలా?

హనుమకొండ చౌరస్తాలో ఎవరైనా అడ్డదిడ్డంగా బండి తిప్పితే "బుద్ధి లేని మనిషి" అంటాం. అదే మలుపులో మనమూ అలాగే తిప్పితే "ఏం చేస్తాం, ఆసుపత్రికి వెళ్లే తొందర" అంటాం. తనకో న్యాయం, పరాయికో న్యాయం. మనసు ఇలా ఎందుకు లెక్క కడుతుందో సాంఘిక మనోవిజ్ఞానశాస్త్రం చాలా కాలంగా పరిశీలిస్తోంది. అందులోని పెద్ద పెద్ద పేర్లను బట్టీ పడితే పరీక్షలో మార్కులు వస్తాయేమో గానీ, మనసు దారికి రాదు. దానికి ఒక నోటుపుస్తకం, పెన్ను, ఓ వారం పాటు ఓపిక కావాలి. ఫోనులో కూడా రాసుకోవచ్చు. కాకపోతే మధ్యలో వాట్సాప్ మోగిందంటే రాయాల్సింది కాస్తా పక్కకు పోతుంది.

మొదటి పని: "నేను" అని ఇరవై సార్లు రాయండి

"నేను ఎవరు?" అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయాలి. 1954లో మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ ప్రకటించిన పరీక్ష ఇది. నేను టీచర్ని, నేను పరకాల వాడిని, నేను ఇద్దరు పిల్లల తండ్రిని అంటూ మొదటివి గబగబా వస్తాయి. ఊరు, ఉద్యోగం, బంధుత్వం అయిపోయాక పెన్ను ఆగుతుంది. స్వభావం గురించిన మాటలు ఎక్కువగా ఆ తర్వాతే వస్తాయి.

పూర్తయ్యాక, ఇతరులతో ముడిపడిన వాక్యాల పక్కన ఒక గీత పెట్టండి. తూర్పు ఆసియా వంటి చోట్ల మనిషి తనను బంధాల ద్వారా చూసుకుంటాడనీ, అమెరికాలో విడి వ్యక్తిగా చూసుకుంటాడనీ 1991లో హేజల్ మార్కస్, షినొబు కితయామా రాశారు. నా దృష్టిలో ఇది స్థూలమైన విభజన మాత్రమే, మన ఇళ్లలో రెండు రకాల వాళ్లూ ఉన్నారు. మీ పుస్తకంలో అన్నిటి పక్కనా గీతలే ఉంటే మాత్రం ఒకటి ఆలోచించుకోవాలి. సింగరేణిలో ఉద్యోగ విరమణ చేసిన మనిషికి "నేను కార్మికుడిని" అన్న వాక్యం ఒక్కరోజులో చెరిగిపోతుంది. అప్పుడు మిగిలే వాక్యాలు ఎన్ని?

రెండో పని: ఎదుటివారి గురించి మూడు వరుసలు

వారంలో ఎక్కువ సేపు దీని మీదే పెట్టండి. ఎవరి మీదైనా కోపం వచ్చిన ప్రతిసారీ మూడు వరుసలు రాయాలి: కంటికి కనిపించింది, మనసు అన్నది, ఇంకేమై ఉండవచ్చు. కాజీపేటలో పెళ్లికి వెళ్లారనుకుందాం.

కనిపించింది: పెద్దబావ నా ముందు నుంచే వెళ్లాడు, పలకరించలేదు.
మనసు అన్నది: నాలుగు డబ్బులు రాగానే కళ్లు నెత్తికెక్కాయి.
ఇంకేమై ఉండవచ్చు: పెళ్లికొడుకు తండ్రి ఆయనే, వంటవాళ్లతో ఏదో పేచీ వచ్చింది. కళ్లద్దాలు జేబులో ఉన్నాయి.

మూడో వరుస రాయడానికి చెయ్యి మొరాయిస్తుంది. రెండో వరుస అంత రుచిగా ఉంటుంది మరి. మనిషి చేసిన పనికి అతని గుణాన్నే కారణంగా చూసి, పరిస్థితిని వదిలేసే ఈ పోకడకు 1977లో లీ రాస్ "మౌలిక ఆరోపణ దోషం" అని పేరు పెట్టాడు. అంతకు పదేళ్ల ముందు ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ కలిసి ఒక ప్రయోగం చేశారు. క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోను సమర్థిస్తూ, వ్యతిరేకిస్తూ రాసిన వ్యాసాలను విద్యార్థులతో చదివించారు. ఏ పక్షం రాయాలో రాసినవారికి ముందే ఆదేశించామని చెప్పినా, అది కొంతవరకు రాసినవారి సొంత అభిప్రాయమేనని చదివినవారు అనుకున్నారు.

మనకు దగ్గరి సంగతి మరొకటి ఉంది. 1984లో జోన్ మిల్లర్ మైసూరులోని హిందువులనూ, షికాగోలోని అమెరికన్లనూ పోల్చి చూసింది. అమెరికన్ పెద్దలు ఎక్కువగా గుణాన్ని కారణంగా చెబితే, మైసూరు పెద్దలు పరిస్థితులను ఎక్కువగా చెప్పారు. చిన్నపిల్లల్లో మాత్రం అంత తేడా లేదు. పెరిగే కొద్దీ చుట్టూ ఉన్నవాళ్ల నుంచి పట్టుబడే అలవాటు అన్నమాట. "పాపం, వాడి పరిస్థితి అలాంటిది" అని మన పెద్దవాళ్లు అనే మాటలో అదే ఉంది.

అలాగని అందరినీ వెనకేసుకు రమ్మని కాదు. హెరాల్డ్ కెల్లీ 1967లో చెప్పిన పద్ధతిని మూడు ప్రశ్నలుగా వాడుకోవచ్చు. ఆ చోట అందరూ అలాగే చేస్తున్నారా? ఆయన అందరితోనూ అలాగే ఉంటాడా? ప్రతిసారీ అంతేనా? మిగతావాళ్లు బాగానే పలకరిస్తూ, ఈయన మాత్రం ఎక్కడైనా, ఎవరితోనైనా, ఎప్పుడూ ముఖం తిప్పుకుంటుంటే రెండో వరుస నిజమే. కొట్టేయనక్కర్లేదు.

మూడో పని: ఇంటి లెక్క

ఇది ఒక్క సాయంత్రం పని. ఇంటి పనుల్లో నీళ్లు పట్టడం, కూరగాయలు తేవడం, పిల్లల చదువు వంటివాటిలో మీ వాటా నూటికి ఎంతో దంపతులిద్దరూ విడివిడిగా కాగితాల మీద రాసి, తర్వాత కలపండి. మొత్తం నూరు దాటితే గొడవ పడవద్దు. 1979లో మైఖేల్ రాస్, ఫియోరె సికోలీ అడిగిన జంటల్లోనూ ఎక్కువమందికి మొత్తం నూరు దాటింది. మనం చేసినవి మనకు గుర్తున్నంతగా ఎదుటివారివి గుర్తుండవు. కాగితాలు మార్చుకుని, మీరు మరిచిపోయిన పనులను అడిగి రాసుకుంటే చాలు.

నాలుగో పని: మీ అంచనాకు గడువు పెట్టండి

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు తేజ రకం మిర్చి తెచ్చిన రైతును తీసుకోండి. జెండా పాట అనే వేలంలో పలికిన ధర నచ్చక బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ఆ రశీదు చేతికి వచ్చిన క్షణం నుంచి వార్తలు వినే చెవి మారిపోతుంది. ధర పెరుగుతుందన్నవాడు అనుభవజ్ఞుడు, తగ్గుతుందన్నవాడు ఖరీదుదారుల మనిషి. చేసిన పనికీ నమ్మకానికీ పొసగనప్పుడు కలిగే ఇబ్బందిని తగ్గించుకోవడానికి మనసు నమ్మకాన్నే సర్దుకుంటుందని 1957లో లియోన్ ఫెస్టింజర్ సిద్ధాంతీకరించాడు.

ఆ ఆలోచనకు బీజం బీహార్‌లో పడింది. 1934 జనవరి 15న వచ్చిన భూకంపం తర్వాత పుట్టిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించాడు. ప్రకంపన తగిలినా నష్టం జరగని చోట్ల కూడా, ఇంతకంటే ఘోరం రాబోతోందన్న పుకార్లు పుట్టాయి. భయం ముందే వచ్చేసింది, దానికి తగిన కారణం తర్వాత వెతుక్కున్నారని ఫెస్టింజర్‌కు తోచింది.

అందుకే బస్తాలు లోపల పెట్టే ముందే రశీదు వెనక మూడు మాటలు రాయాలి. ఏ ధర వస్తే అమ్ముతాను, ఏ తేదీ దాటితే ఉంచను, ఏ వార్త వస్తే నా అంచనా తప్పు. మూడోది ముఖ్యం. 1960లో పీటర్ వేసన్ 2, 4, 6 అనే సంఖ్యలు ఇచ్చి వాటి వెనక ఉన్న నియమం కనుక్కోమన్నాడు. చాలామంది 8, 10, 12 లాంటివి ఆ నియమానికి సరిపోతాయా అని అడిగి, "అవును" అనిపించుకుని, రెండేసి పెరిగే సంఖ్యలని తేల్చేశారు. అసలు నియమం, వరుసగా పెరిగే ఏ మూడైనా సరే. 1, 2, 3 అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ తేల్చడం తప్పని తెలిసేది. మిర్చి ధర విషయంలోనూ, పిల్లల కాలేజీ సీటు విషయంలోనూ, పెళ్లి సంబంధం విషయంలోనూ "కాదు" అని చెప్పగల మనిషిని ఒక్కరినైనా కావాలని వెళ్లి అడగండి.

చివరగా రెండు జాగ్రత్తలు. నోటుపుస్తకంలో బంధువుల పేర్లు రాయకుండా గుర్తులు పెట్టుకోండి, ఇంట్లో ఎవరి కంటైనా పడితే పెద్దబావతో పేచీ నిజంగానే మొదలవుతుంది. ఇక "ఇది నీ ఆరోపణ దోషం" అని భోజనాల దగ్గర ఎవరినీ అనకండి.