ఎడమ స్పీకరుకు ఒక ఈక్యూ, కుడి స్పీకరుకు ఇంకొకటి

చెన్నై ఫ్లాట్ల హాళ్లలో స్పీకర్లు రెండూ ఒకేలాంటి చోట కుదరడం అరుదు. ఒకటి మూలలో ఇరుక్కుంటుంది, రెండోది బాల్కనీ తలుపు పక్కనో వంటింటి దారి పక్కనో పడుతుంది. మూలలోది గుమ్మని మోగుతుంది, రెండోది పల్చగా పలుకుతుంది. ఇద్దరిలో ఒకరికి జ్వరమొస్తే ఇద్దరికీ మందు పోసినట్టు రెండింటికీ ఒకే ఈక్యూ (బాస్ లాంటి ఒక్కో రకం ధ్వనిని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్) పెడితే, ఒకటి బాగుపడి రెండోది పాడవుతుంది.

ముందు తప్పు గదిదా, సామాన్లదా తేల్చుకోండి. ఆంప్లిఫయర్ ఆపి, వెనక ఎడమ కుడి స్పీకరు వైర్లు తారుమారు చేయండి. తేడా రెండో వైపుకు మారితే లోపం ఆంప్లిఫయర్‌లోనో దానికి ముందో ఉంది. మారకపోతే స్పీకర్లనే ఒకదాని చోట ఇంకొకటి పెట్టండి. స్పీకరుతో పాటు తేడా కూడా వెళ్తే స్పీకరుదే తప్పు, ఆ చోటునే అంటిపెట్టుకుంటే గదిది. ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తిరగబడి ఉంటే బాస్ సన్నగిల్లుతుంది, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో అంతుపట్టదు. అదీ చూసుకోండి.

తర్వాత టేపు పట్టుకుని, కూర్చునే చోటు నుంచి రెండు స్పీకర్లకూ దూరం కొలవండి. మన 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది, అంటే 35 సెంటీమీటర్ల తేడాకు 1 మిల్లీసెకను ఆలస్యం. గొంతు దగ్గరి స్పీకరు వైపు ఒరిగిపోవడానికి అది చాలు. దీన్ని ఈక్యూ సరిచేయలేదు. కుర్చీ జరపాలి, కుదరకపోతే దగ్గరి స్పీకరు ఛానెల్‌కు, అంటే ఆ వైపు ధ్వనికి, అంత డిలే (ఆలస్యం) ఇవ్వాలి.

కొలతకు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత ప్రోగ్రాము, కాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు కొలతలోని తేడాలను సరిదిద్దే ఫైలు) ఉన్న కొలత మైకు కావాలి. యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకైతే సౌండ్‌కార్డు అక్కర్లేదు. స్టాండు, పొడవాటి కేబుల్ చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. మైకును చెవి ఎత్తులో, మొన పైకప్పు వైపు పెట్టి ఆ భంగిమకు సరిపోయే 90 డిగ్రీల కాలిబ్రేషన్ ఫైలు ఎక్కించండి. ఫ్యానూ ఏసీ ఆపేయండి, లేకపోతే ఆ హోరు బాస్ కొలతలో కలుస్తుంది. ఎడమది ఒక్కటే, తర్వాత కుడిది ఒక్కటే, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా స్వీప్ చేయండి, అంటే లోతైన ధ్వని నుంచి కీచు ధ్వని దాకా వరుసగా మోగించి కొలవండి. తల ఉండే చోటు చుట్టూ అయిదారు చోట్ల తీసి, ఛానెల్‌వారీగా సగటు కట్టండి. ఒక్క బిందువు కొలతను నమ్మి ఫిల్టర్లు (ఈక్యూలోని ఒక్కో సవరణ) పెడితే తల కాస్త కదిపేసరికి లెక్క తప్పుతుంది.

గ్రాఫు చదివేటప్పుడు గది కొలతలు చేతిలో ఉంచుకోండి. 349ని మీటర్లలో గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటి మోడ్ (గోడల మధ్య ధ్వని గుమ్మని నిలిచే హెర్ట్జ్) వస్తుంది: 12 అడుగులకు సుమారు 48 హెర్ట్జ్, 10 అడుగులకు 57. మోడ్‌లు గదివే అయినా, మూలలో ఉన్న స్పీకరు వాటిని గట్టిగా రేపుతుంది. అందుకే ఎడమ గ్రాఫులో 57 దగ్గర 8 డీబీ (డెసిబెల్, ధ్వని గట్టిదనపు కొలమానం) గుట్ట ఉండి, కుడిలో 2 మాత్రమే ఉండొచ్చు. అప్పుడు ఎడమకు మాత్రం 57 హెర్ట్జ్, మైనస్ 6 డీబీ, క్యూ (సవరణ ఎంత ఇరుకో చెప్పే అంకె) 5 తో మొదలుపెట్టి మళ్లీ కొలవండి.

గ్రాఫులో కిందికి దిగిన గుంటల జోలికి పోకండి. స్పీకరు ముఖం వెనక గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, గోడ నుంచి తిరిగొచ్చిన ధ్వని 145 హెర్ట్జ్ దగ్గర నేరుగా వచ్చేదాన్ని రద్దు చేస్తుంది. మీరు పెంచితే తిరిగొచ్చేదీ పెరుగుతుంది, గుంట పూడదు. పైగా 6 డీబీ పెంచడమంటే ఆంప్లిఫయర్ నుంచి నాలుగు రెట్లు పవర్ లాగడం. స్పీకరును గోడకు దగ్గరగానో దూరంగానో జరపడమే దారి.

అన్నిటికన్నా ముఖ్యం: విడివిడి ఈక్యూ 300 హెర్ట్జ్ లోపే ఉంచండి. ఆ పైన ఏం చేసినా రెండు ఛానెళ్లకూ ఒకటే చేయండి. గొంతులో కొన్ని స్వరాలు ఎడమన గట్టిగా, కొన్ని కుడిన గట్టిగా వస్తే గాయకుడు నిలకడగా నిలబడడు. పైభాగంలో గ్రాఫు రెండు వైపులా అచ్చంగా కలవాలన్న పట్టుదల పాటను చెడగొడుతుంది.

విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రాము దీనికి సరిగ్గా సరిపోతుంది. ఎడిటర్‌లో ఛానెల్ వరుస చేర్చి ఎడమ ఎంచుకోండి, కింద దాని ఫిల్టర్లు. మళ్లీ ఛానెల్ వరుస, కుడి, దాని ఫిల్టర్లు. ఒకసారి ఎంచుకున్న ఛానెల్ దాన్ని మార్చే దాకా కింది వరుసలన్నిటికీ వర్తిస్తుంది. ప్రీఆంప్ (ఫిల్టర్లకు ముందు మొత్తం స్థాయి) తగ్గింపును పొరపాటున ఎడమ కింద పెడితే ఎడమ ఒక్కటే తగ్గి పాట కుడికి జారుతుంది. అందుకే అది అన్నిటికన్నా పైన, అన్ని ఛానెళ్లకూ ఉండాలి. ప్లేయరు ఏఎస్‌ఐఓలోనో వాసాపీ ఎక్స్‌క్లూజివ్‌లోనో (విండోస్ ధ్వని దారిని దాటేసి నేరుగా పరికరానికి పంపే పద్ధతులు) నడుస్తుంటే ఈ ఫిల్టర్లేవీ పనిచేయవు. లినక్స్‌లో ఈజీఎఫెక్ట్స్ అనే ప్రోగ్రాము ఈక్వలైజర్‌లో ఛానెళ్లను విడదీసే మీట ఉంది.

ఆఖరున రెండు స్పీకర్లూ కలిపి ఇంకో స్వీప్ చేయండి. రికార్డింగులలో లోతైన బాస్ చాలావరకు రెండు వైపులా ఒకటే ఉంటుంది కాబట్టి, విడిగా బాగున్నవి కలిసినప్పుడు 80 హెర్ట్జ్ కింద మళ్లీ గుట్ట కట్టొచ్చు. అక్కడ మిగిలింది రెండింటికీ సమానంగా తగ్గించండి. చెవితో సరిచూడటానికి ఘంటసాల కాలం నాటి అసలు మోనో రికార్డింగు పెట్టండి, స్టీరియోగా మార్చినవి వద్దు. గొంతు స్పీకర్ల నట్టనడుమ, ఒక్క చోటే నిలవాలి. ఈక్యూ వేసి, తీసి పోల్చేటప్పుడు శబ్దం రెండుసార్లూ సమానంగా ఉండేలా వాల్యూమ్ సరిచేసుకోండి, ఎందుకంటే కాస్త గట్టిగా వినిపించేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది.